మంద కలవలేదు

పదకొండో గొర్రెపిల్లను కోసేసరికి డాక్టర్ వకుళకు విసుగు పోయి భయం పట్టుకుంది.

మొదటి పదింటిలో ఏదో ఒకటి దొరుకుతుందనే ఆశపడింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము, పేగుల్లో పురుగులు, కాలేయం మీద మచ్చలు, ఏదైనా సరే. రోగం కనిపిస్తే దానికో పేరుంటుంది, పేరుంటే మందుంటుంది, మందు లేకపోయినా పైవాళ్ళకు రాసి పంపడానికి ఒక కాగితమైనా ఉంటుంది. పద్నాలుగేళ్ళ సర్కారు పశువైద్యం ఆమెకు నేర్పింది ఇదే. ఈ పిల్లల్లో మాత్రం ఏ రోగమూ లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గుండె నిక్షేపంలా ఉంది. కడుపు కోస్తే పాల చుక్క లేదు. పిడికెడు నల్లమట్టి, నాలుగు ఉన్ని పోచలు. ఆకలికి ఏం అందితే అది నాకి చచ్చిపోయాయి.

"ఆకలి చావు," అంది వకుళ.

"అది కొయ్యకముందే సెప్తిని గదమ్మా," అంది పక్కన గొంతుక్కూర్చున్న సుంకమ్మ.

సుంకమ్మకు అరవై దాటాయి. మూడొందల గొర్రెల మందకు పెద్దదిక్కు ఆమే. మొగుడు పోయాక కొడుకునూ, మందనూ ఒంటిచేత్తో పెంచింది. పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేలో ఆమె మంద దిగి నాలుగు రోజులైంది. ముళ్ళకంప చుట్టిన దొడ్డి పక్కన ఆమె కోడలు ఉరుకుందమ్మ, ఎనిమిదో నెల కడుపుతో, కోసిన పిల్లల కంపు భరించలేక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"తల్లులకు పాలు పడలేదేమో," అంది వకుళ.

సుంకమ్మ లేచి, దగ్గర్లో ఉన్న గొర్రెను వెనక్కాలు పట్టి లాగి పొదుగు పిండింది. పాలు జివ్వున చిమ్మి వకుళ బూట్ల మీద పడ్డాయి.

"పొదుగులు పగిలిపోతాండాయి. పిల్ల దగ్గరికి పోతే కుమ్ముతాండాయి. ఒగటి గాదు రెండు గాదు, ఈనిన గొర్రెలన్నీ అంతే."

వకుళ తలెత్తి చూసింది. ఈనిన గొర్రెలు నూరు దాకా తాపీగా మేస్తున్నాయి. వాటి మధ్య పిల్లలు గొంతులు పగిలేలా అరుస్తూ తిరుగుతున్నాయి. ఏ పిల్లకా పిల్ల తన తల్లి దగ్గరికే పరుగెత్తుతోంది. తల్లి మాత్రం తల తిప్పడం లేదు.

"తొలిచూలు గొర్రెలు అట్లా చేస్తాయి సుంకమ్మా. ఉప్పుగడ్డలు పంపిస్తాను, నాకించు."

"తొలిచూలు యాడుండాయి? దానిది ఐదో ఈత." సుంకమ్మ కసిరింది. "నాలుగో పిల్ల సచ్చినప్పుడు దాని తోలు ఒలిచి వేరే పిల్లకి తొడిగినా. అదీ పారల్యా."

ఆ మాటకు వకుళ నిటారుగా కూర్చుంది. గొర్రె తన పిల్లను కంటితో కాదు, ముక్కుతో గుర్తుపడుతుంది. పిల్ల చచ్చిన గొర్రెకు తల్లి లేని పిల్లను అంటగట్టాలంటే, చచ్చిన పిల్ల తోలు ఒలిచి ఈ పిల్లకు చొక్కాలా తొడుగుతారు. గొర్రె ఒకసారి తోక దగ్గర వాసన చూసి, తన బిడ్డేననుకుని పాలిచ్చేస్తుంది. రెండు రోజులాగి తోలు తీసేసినా మళ్ళీ తన్నదు. గొర్రెల కాపరులందరికీ తెలిసిన పనే గానీ, సుంకమ్మ చేతిలో అది తప్పిందంటే ఎవరూ నమ్మరు.

"దాని పిల్ల తోలే. నా సేత్తోనే ఒలిచినా. తొడిగి ముందర నిలబెడితే ముక్కు పెట్టింది. పెట్టి, రాయిని సూసినట్ల సూసి పక్కకి పోయింది." సుంకమ్మ మంద వైపు చెయ్యి చూపింది. "వారం ముందునుంచే ఎప్పుడూ ముట్టని చేదాకు గూడా తింటాండాయి. వాటికి ముక్కులు పోయినాయి డాక్టరమ్మా."

ముక్కు అనే మాట చెవిన పడగానే వకుళ కత్తి కింద పెట్టింది. ఆ ముక్కుల్లో మూడేళ్ళ కిందట చుక్కలు వేసింది తనే.

*

అప్పట్లో పారుడు రోగం జిల్లాను ఊడ్చేస్తోంది. ముక్కులు కారి, నోళ్ళు పుండ్లు పడి, పారుకుని పారుకుని రోజుకు రెండొందల గొర్రెలు చచ్చేవి. టీకా లేక కాదు. మందలు ఒకచోట నిలిస్తే కదా వెయ్యడానికి! సిబ్బంది సూదులు పట్టుకుని ఈ ఊరు చేరేసరికి మంద ఆ ఊరు దాటేది. వేసినదానికే మళ్ళీ వేసి, వెయ్యనిదాన్ని వదిలేసి, లెక్క సరిపోయిందనిపించుకునేవారు.

అలాంటి రోజుల్లో రాజధానిలోని ఒక పరిశోధన సంస్థ నుంచి డాక్టర్ పినాకపాణి చల్లని పెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు. కాలేజీలో వకుళకు పాఠాలు చెప్పినాయన.

"దీన్ని పాకుడు టీకా అంటాం వకుళా. పది గొర్రెల ముక్కుల్లో రెండేసి చుక్కలు వెయ్యి చాలు. మిగతావాటికి అవే అంటిస్తాయి. రోగం ఎట్లా పాకుతుందో మందూ అట్లాగే పాకుతుంది."

ముక్కులో కాపురముండి, ఊపిరితో పక్కదానికి పోయే బలహీనమైన వైరస్ అది. పన్నెండు గొర్రెలు మారేసరికి దానంతట అదే నీరసించి చచ్చిపోయేలా తయారుచేశారు. షరతు ఒక్కటే. నలభై ఐదు రోజులు ఆ మంద ఇంకో మందతో కలవకూడదు. కలిస్తే, ఒక ముక్కులో నీరసించిన వైరస్‌కు ఇంకో ముక్కు నుంచి కొత్త వైరస్ తోడై రెండూ కలిసి పుంజుకుంటాయి. అందుకే ఫారంలో పదిహేడో ప్రశ్న పెట్టారు: 'ప్రయోగ కాలంలో ఈ మంద ఇతర మందలతో కలిసిందా?'

ఆ ప్రశ్న రాసిన మహానుభావుడు జన్మలో మందను చూసి ఉండడు. ఆ ప్రాంతంలో వానలు వెనకబట్టగానే పెద్ద రైతులు కాపరులకు కబురు పెడతారు. చేలో మంద కడితే పెంటా మూత్రం పడి నేల బలుస్తుంది. చేను పెద్దదైతే ఏడెనిమిది మందలు ఒకేసారి దిగుతాయి. సుంకమ్మ మంద చుక్కలు వేసిన తొమ్మిదో రోజునే ఏడు మందలతో కలిసింది. వకుళ కళ్ళారా చూసింది. ఆ చేలోనే కూర్చుని సుంకమ్మ పెట్టిన జొన్నరొట్టె తింది. తర్వాత ఆఫీసుకు వెళ్ళి, పదిహేడో ప్రశ్న కింద 'మంద కలవలేదు' అని రాసి సంతకం పెట్టింది.

నిజం రాస్తే ప్రయోగం ఆగిపోతుంది. ప్రయోగం ఆగితే రోజుకు రెండొందల చావులు ఆగవు. రెండు మాటలతో ఇన్ని ప్రాణాలు నిలుస్తాయనుకుంది. నిలిచాయి కూడా. మూడు నెలల్లో పారుడు రోగం ఆనవాలు లేకుండా పోయింది. ఆమెకు శాలువా కప్పారు, ఫొటో పేపర్లో వేశారు. పదిహేడో ప్రశ్న సంగతి ఆమె హాయిగా మర్చిపోయింది.

*

సుంకమ్మ మంద దగ్గర్నుంచి బయల్దేరకముందే ఫోను మోగింది. జింకల మైదానంలో అటవీశాఖ కాపలాదారు ఖాసిం.

"మేడం, మీరొకసారి రావాల. జింకపిల్లలు సచ్చిపోతుండాయి. కుక్కలు గాదు, నక్కలు గాదు, ఒంటిమీద గీత గూడా లేదు."

కృష్ణజింకలు ఈనగానే పిల్లను గడ్డిలో దాచి దూరంగా పోతాయి. మధ్య మధ్యలో వచ్చి పాలిచ్చి మళ్ళీ పోతాయి. పిల్ల ఊపిరి బిగబట్టుకుని అక్కడే పడి ఉంటుంది. ఖాసిం చూపించిన చోట ఆరు పిల్లలు అలాగే పడి ఉన్నాయి. దాక్కున్నట్టే ఉన్నాయి గానీ, ప్రాణాలు లేవు.

"తల్లులు రాలేదా?"

"వచ్చినాయి మేడం, అదే నాకు తిక్క పట్టిచ్చింది." ఖాసిం టోపీ తీసి తల గోక్కున్నాడు. "నిన్న పొద్దంతా ఆ రాయి మీద కూర్చుని సూసినా. పిల్ల లేసి నిలబడి అర్సింది. తల్లి పక్కన్నించే పోయింది, సూసి గూడా సూడనట్ల. పదైదేండ్ల సర్వీసులో ఇట్లాంటిది సూల్లేదు."

"జింకలు నీళ్ళెక్కడ తాగుతాయి?"

ఖాసిం చెయ్యెత్తి చూపించాడు. మైదానం అంచున చిన్న కుంట. దాని గట్టు మీద జింక గిట్టల గుర్తులు, గొర్రె గిట్టల గుర్తులు ఒకదాని మీద ఒకటి. వకుళ నమూనాల పెట్టె తెరిచింది.

జింకల నుంచీ, సుంకమ్మ మంద నుంచీ, మిగతా ఏడు మందల నుంచీ ముక్కు నమూనాలు తీసుకుని మంగళవారమంతా పరీక్షలు చేసింది. ఉరుకుందమ్మ ముక్కులోంచి కూడా తీసింది. పాకుడు టీకాలో దాన్ని గుర్తుపట్టడానికని ఒక ఆనవాలు పెట్టారు. అది ఉంటే యంత్రం తెర మీద గీత పైకి లేస్తుంది, లేకపోతే నేలకు అంటుకుని ఉంటుంది. ఉరుకుందమ్మ గీత లేవలేదు. గొర్రెలవి, జింకలవి, ఒక్కటి తప్పకుండా లేచాయి. మూడేళ్ళ కిందట చచ్చిపోవాల్సిన వైరస్, ఏడాదికోసారి కలిసే ఎనిమిది మందల పుణ్యమా అని బలం పుంజుకుని, ముక్కు దాటి, వాసనను మెదడుకు మోసే నరాన్ని తింటూ పైకి పోతోంది.

బుధవారం పొద్దున పినాకపాణికి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు.

"ఎన్ని మందలు?"

"ఎనిమిది సార్. శుక్రవారం నది దాటుతున్నాయి. అవతల వరికోతలైన పొలాల్లో నాలుగు జిల్లాల మందలు దిగుతాయి. అక్కడ కలిస్తే ఇక మన చేతుల్లో ఉండదు."

"సుంకమ్మ మంద ఒక్కటే కదా లక్షణాలు చూపిస్తోంది. ఆంత్రాక్స్, అదే దొమ్మ రోగమని రాయి. దొమ్మ అంటే ఎవరూ దగ్గరికి రారు, ప్రశ్నలడగరు. మూడొందలూ పూడ్చేయించు."

"మిగతా ఏడు మందలు?"

"లక్షణాలు కనిపించినప్పుడు చూద్దాం." ఆయన గొంతు తగ్గించాడు. "వకుళా, నీ మంచికే చెబుతున్నాను. పదిహేడో ప్రశ్నకు జవాబు రాసింది నువ్వు. సంతకం నీది."

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా ఆ మాటలో అబద్ధం లేదు.

"మనుషులకు అంటుతుందా సార్?"

"మనుషుల కణాల్లో పెంచి చూశాం. పెరగలేదు."

"అది అప్పటి వైరస్. ఇప్పటిది?"

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

*

ఆ సాయంత్రం వకుళ వంటగది గడప దగ్గర కూర్చుని, కూతురు తన్మయికి జడ విప్పుతోంది. తన్మయికి ఆరేళ్ళు. బళ్ళో ఎవరెవరు ఎవరెవరితో పచ్చి కొట్టి మాటలు మానేశారో ఏకరువు పెడుతోంది. భర్త ఉమాపతి హాల్లోంచి పరుగున వచ్చాడు. జూనియర్ కాలేజీ లెక్చరరు, మామూలుగా పిడుగు పడ్డా పుస్తకంలోంచి తల ఎత్తని మనిషి.

"ఏంటి వకుళా, ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే అట్లా కూర్చున్నావు?"

ఆమె వెనక, మూరెడు దూరంలో, పాలగిన్నె అడుగంటి నల్లగా పొగలు కక్కుతోంది.

వకుళ లేచి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. కాఫీపొడి, కర్పూరం, చివరికి ఫినాయిల్ సీసా కూడా చూసింది. ఏమీ లేదు. తన్మయిని దగ్గరికి లాక్కుని, నడినెత్తి మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ప్రతిరోజూ చేసే పని అది. గాలి తప్ప ఏమీ రాలేదు.

సోమవారం ఉరుకుందమ్మ కొంగు అడ్డం పెట్టుకుంటే, తనకు అలవాటు కనక కంపు తెలియడం లేదనుకుంది. అలవాటు కాదు. పది రోజుల కిందట మందకు జలుబు చేసిందంటే, చేతికి తొడుగైనా లేకుండా నలభై గొర్రెల ముక్కులు తడిమింది. గొర్రెలు ముందు చేదాకు తిన్నాయి. వారానికి పిల్లల్ని తన్నాయి. అంటే తన వంతు రాబోయే శనివారమో, ఆదివారమో.

"అమ్మా, నలిపేస్తున్నావ్!" అని తన్మయి గింజుకుంది.

వకుళ వదల్లేదు. భయంతో గుండె దడదడలాడుతోంది. ఆ దడే ఆమెకు కాస్త ధైర్యంగా ఉంది. భయం ఉందంటే బిడ్డ ఇంకా తనదే.

ముగ్గురి ముక్కుల్లోంచీ నమూనాలు తీసింది. తన్మయికి ఆటలా చెప్పింది, ఉమాపతికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడి, "మరి దీనికి మందు?" అన్నాడు.

"కనిపెట్టాలి."

గురువారం ఎనిమిది గంటలకల్లా యంత్రం ముందు నిలబడింది. ఉమాపతి గీత నేలను అంటుకునే ఉంది. తన్మయిది కూడా. వకుళ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి మూడో గీత లేవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, మెట్టు మెట్టుగా ఎక్కి, జింకల గీత పక్కన నిలబడింది.

ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. ఈ భయం ఉన్నంతవరకే ఈ పని చెయ్యగలదు. భయం పోయాక, పిల్లల తల్లులు ఏమైపోతే తనకెందుకు అనిపించవచ్చు. కాగితం తీసుకుని, మూడేళ్ళ కిందటి పదిహేడో ప్రశ్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మంద కలిసింది. తొమ్మిదో రోజున, ఏడు మందలతో. నేను చూశాను, చూసీ లేదని రాశాను. మనుషుల్లో ఇది మొదటి కేసు, రోగి పేరు వకుళ. ఎనిమిది మందలనూ ఒకదానికొకటి మైలు దూరంలో, కుంటకు దూరంగా, అరవై రోజులు వేరువేరుగా ఉంచితే ఈ వైరస్ నీరసించి చచ్చిపోయే అవకాశముంది. పూడ్చనక్కర్లేదు. నది మాత్రం దాటకూడదు.

పశుసంవర్ధక శాఖకూ, కలెక్టరుకూ, జిల్లా వైద్యాధికారికీ ఒకేసారి పంపింది. అరగంటలో వైద్యాధికారి ఫోను చేసి, సాయంత్రం నాలుగున్నరకు బండి వస్తుందనీ, ఈలోగా ఎవరి దగ్గరికీ పోవద్దనీ చెప్పాడు. మందల్ని ఆపమని పోలీసులకు ఎవరు చెబుతారని ఆమె అడిగితే, ఫైలు నడుస్తోందన్నాడు. ఫైళ్ళ నడక ఆమెకు కొత్తా? జీపు తాళాలు తీసుకుంది.

*

శుక్రవారం దాటాల్సిన మందలు గురువారం మధ్యాహ్నానికే రేవు దగ్గరికి చేరుతున్నాయి. రెండు మందలు అప్పటికే ఇసుకలోకి దిగాయి. సుంకమ్మ మంద గట్టు మీద ఉంది. వకుళ మూతికి రెండు మాస్కులు కట్టుకుని, ఇరవై అడుగుల దూరంలో నిలబడి, అరిచినట్టుగా మొత్తం చెప్పింది. చుక్కల సంగతి, నలభై ఐదు రోజుల సంగతి, కాగితం మీద రాసిన అబద్ధం.

సుంకమ్మ కంబళి నేల మీద పడేసింది.

"కలపగూడదని ఆ పొద్దు నువ్వు నాకు సెప్పింటే నేను కలిపిందునా? నా రొట్టె తింటా నా పక్కనే కూసున్యావు గదా. నువ్వు కాగితానికి సెప్పినావు, నాకు సెప్పల్యా."

ఆ రోజు వకుళ, చెబితే చుక్కలు వేయించుకోరని భయపడింది. అడిగితే ఏమనేవారో ఎన్నడూ అడగలేదు. ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదే సుంకమ్మా. నన్నేమన్నా పడతాను. కానీ మందలు నది దాటితే, ఇది అక్కడి మందలకూ, వాటి మధ్యే పడుకునే ఆడవాళ్ళకూ పోతుంది. ఉరుకుందమ్మకు ఇంకా అంటలేదు. మంగళవారం పరీక్షలో లేదు. ఆమెను గొర్రెల్లోంచి తీసి పుట్టింటికి పంపించు."

"మనుసులకి గూడా వస్తాదా ఇది? ఎవురికొచ్చింది?"

వకుళ ఒక అడుగు వెనక్కి వేసింది. సుంకమ్మ ఆమె రెండు మాస్కులనూ, నిలబడ్డ దూరాన్నీ అప్పుడు చూసింది.

"బిడ్డుందా నీకు?"

"ఆరేళ్ళ పాప."

సుంకమ్మ గట్టు దిగి, చెప్పులు లేకుండానే ఇసుకలోకి నడిచి, దిగిన రెండు మందల ముందు చేతులు చాపి నిలబడింది. కాపరులు గొడవకు వచ్చారు. అవతలి రైతులు కబురు పెట్టారనీ, ఇక్కడ మేత లేదనీ అరిచారు. సుంకమ్మ వాళ్ళకు వైరస్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "తోలు తొడిగినా పిల్లని తీసుకోలేదు నా గొర్రె. రాండ్రి, నా మందని సూసి పోండ్రి. సూసినాంక దాటాలనుకుంటే నా మీద్నించి దాటండ్రి," అంది. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి చూశారు. పిల్లలు చుట్టూ అరుస్తుంటే మేత మేస్తున్న తల్లుల్ని చూశారు. కాసేపటికి మందలు వెనక్కి మళ్ళి, ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి చీలిపోయాయి. మిగతావాటికి దారిలోనే కబురు పోయింది.

వకుళ జీపు ఎక్కబోతుంటే సుంకమ్మ దూరం నుంచే పిలిచింది.

"డాక్టరమ్మా, పిల్లని తన్నే తల్లిని మేమేం సేస్తామో తెల్సునా? కట్టేస్తాం. పొద్దుకు నాలుగు మాట్లు దాన్ని గట్టిగా పట్టుకుని, పిల్లని పొదుగుకి పెడతాం. తంతాది. తన్నించుకుంటాం."

"అప్పుడు ఒప్పుకుంటుందా?"

"నెలకో, రెన్నెల్లకో కొన్ని ఒప్పుకుంటాయి. కొన్ని ఎప్పటికీ ఒప్పుకోవు." సుంకమ్మ కంబళి దులిపి భుజాన వేసుకుంది. "పిల్లకి అదేం తెల్దు గదా. పాలు తాగుతాది, బతుకుతాది."

*

నాలుగు గంటలకు బడి గంట కొట్టారు. వకుళ రోడ్డుకు ఇవతల, జీపు అద్దాలు బిగించుకుని కూర్చుంది. బండిని అక్కడికే రమ్మని చెప్పి, అది వచ్చేలోగా ఒక్కసారి దూరం నుంచి కూతుర్ని చూసి వెళ్ళాలని వచ్చింది. శనివారం దాకా గడువుందని ఆమె లెక్క. మనిషి ముక్కు గొర్రె ముక్కు కంటే పొట్టి గనక వైరస్ మెదడుకు ముందే చేరుతుందన్న సంగతి ఆ లెక్కలో వెయ్యలేదు.

గేటు తెరిచారు. నీలిరంగు గౌన్లు, తెల్ల చొక్కాలు, రిబ్బన్లు, ఒక్కసారిగా రోడ్డు మీదికి విరుచుకుపడ్డాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే జడలు. మామూలుగా అయితే గేటు తెరిచీ తెరవకముందే ఆమె కన్ను తన్మయి మీద వాలేది. ఎంత గుంపులో ఉన్నా సరే, వెతకాల్సిన పనే ఉండేది కాదు. ఇవాళ కన్ను ఎక్కడా ఆగలేదు. ఒక పిల్ల మీద నుంచి ఇంకో పిల్ల మీదికి, అక్కడి నుంచి ఇంకో పిల్ల మీదికి జారిపోతోంది.

ఉమాపతి గేటు దగ్గర నిలబడి ఉండటం కనిపించింది. ఆయన చెయ్యి పట్టుకున్న పిల్ల ఎవరో చూసి, అదే తన్మయి అయి ఉండాలనుకుంది. గడ్డం కింద పుట్టుమచ్చ ఉంది. ముందు పన్ను ఊడి ఉంది. అవును, తన్మయే. ముద్దుగా ఉంది. పక్కింటి పిల్ల అంత ముద్దుగా ఉంది.

నిన్న సాయంత్రం గుండె ఎంత దడదడలాడిందో ఆమెకు గుర్తుంది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూసుకుంది. నింపాదిగా కొట్టుకుంటోంది. ఏడుద్దామనుకుంది, రాలేదు. ఏదో పోయిందని తెలుసు, ఆ పోయింది ఎలా ఉండేదో మాత్రం పట్టు దొరకడం లేదు. పట్టు దొరకకపోయినా పరవాలేదనిపిస్తోంది. అలా అనిపించడమే ఎంత ఘోరమో, లెక్కల పుస్తకంలో జవాబు తెలిసినట్టు తెలుస్తోంది.

ఇంకాసేపాగితే ఇది కూడా తెలియదేమో. గబగబా ఫోను తీసింది.

రోడ్డుకు అవతల ఉమాపతి ఫోను చెవికి ఆనించుకున్నాడు. "ఎక్కడున్నావు? జీపులోనేనా? పాపకు చూపించనా?"

"ముందు నేను చెప్పేది వినండి. మధ్యలో ఆపకండి. నన్ను ఉంచే చోట కిటికీ ఉంటుంది. రోజూ దాన్ని తీసుకొచ్చి ఆ కిటికీ అవతల నిలబెట్టండి."

"నువ్వు చెప్పాలా? తీసుకొస్తాను."

"మీకు అర్థం కాలేదు. నేను వద్దంటాను. పనుందంటాను, పిల్లకు ఎండ తగులుతుందంటాను, మీకు నిజమేననిపించేలా చెబుతాను. విసుక్కుంటాను. మీ ముఖం మీదే కిటికీ వేస్తాను. అయినా తీసుకురండి. నేను చూసినా, చూడకపోయినా తీసుకురండి."

రోడ్డు అవతల ఆయన భుజాలు కదలడం ఆమెకు కనిపించింది. ఏడుస్తున్నాడని అర్థమైంది.

"ఎన్నాళ్ళు?" అన్నాడు చివరికి.

"కొన్నిటికి రెండు నెలలు పడుతుందట. కొన్నిటికి ఎప్పటికీ రాదట. మీరు మాత్రం మానకండి. మాట ఇవ్వండి."

"మానను."

వెనక నుంచి తెల్ల బండి వచ్చి జీపు పక్కన ఆగింది. మాస్కులు, తొడుగులు వేసుకున్న ఇద్దరు దిగారు. అప్పుడే తన్మయి జీపును చూసింది. అద్దం వెనక ఎవరున్నారో ఆ పిల్లకు ఒక్క క్షణం కూడా వెతుక్కోవలసిన పని పడలేదు. "అమ్మా!" అని అరిచి, తండ్రి చెయ్యి లాగుతూ, రెండో చెయ్యి పైకెత్తి గాల్లో ఊపడం మొదలుపెట్టింది.

వకుళ ఆ పిల్ల వంక చూసింది. ఇలాంటప్పుడు తల్లులు ఏం చేస్తారో ఆమెకు ఇంకా గుర్తుంది. చెయ్యెత్తి ఊపింది. బండి వాళ్ళు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఆమె ఆపకుండా, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపుతూనే ఉంది.